అమ్మ ఫోన్‌లో షుగర్ పొడి ప్రకటనలు: యాడ్ బ్లాకర్ పెడితే పోతాయా?

గోస్తనీ గట్టు అడిగారు:

అందరికీ నమస్కారం. మాది తణుకు. అమ్మకు అరవై దాటాయి. షుగర్ ఉంది కానీ మాత్రలతో అదుపులోనే ఉంటోంది. ఈమధ్య అరికాళ్లు మంటలు అంటుంటే ఒక రాత్రి నా ఫోన్‌లో "షుగర్ ఉన్నవాళ్లకు కాళ్ల మంటలు ఎందుకు" అని వెతికాను. ఒకట్రెండు వ్యాసాలు చదివి, ఒక డాక్టరు గారి వీడియో చూసి పడుకున్నాను. అమ్మ ఫోన్ ముట్టుకోనేలేదు.

ఆ తర్వాత నుంచి అమ్మ తన ఫోన్‌లో భక్తి పాటలు పెట్టుకుంటే పాటకు ముందు షుగర్ పొడి, పాట మధ్యలో షుగర్ పొడి. తెల్లకోటు వేసుకుని మెడలో స్టెతస్కోప్ తగిలించుకున్న ఒకాయన, మాత్రలన్నీ చెత్తబుట్టలో పడేయండి అంటాడు. సోషల్ మీడియాలోనూ ఆయనే. చివరికి అమ్మ ఒక ఫారం నింపేసింది. పేరు, నంబరు, చివరిసారి షుగర్ ఎంత ఉందో కూడా రాసింది. ఇక ఫోన్లే ఫోన్లు. "అమ్మగారూ, మా డాక్టరు గారు లైన్లో ఉన్నారు" అంటూ ఒక అమ్మాయి గొంతు. కొరియర్ కుర్రాడికి అమ్మే డబ్బులు ఇచ్చి డబ్బాలు తీసుకున్నాక గానీ మాకు సంగతి తెలియలేదు. అయితే మాత్రలు మానలేదు.

ఇప్పుడు నా అనుమానాలు. వెతికింది నేను, ప్రకటనలు వచ్చింది అమ్మకు. ఇంట్లో మేం మాట్లాడుకున్నది ఫోన్ విన్నదా? ప్రకటనలను ఆపే యాడ్ బ్లాకర్ పెడితే ఇవన్నీ ఆగుతాయా? తమ్ముడు ల్యాప్‌టాప్‌లో ఎప్పటినుంచో ఒకటి వాడేవాడు, ఈమధ్య బ్రౌజరు దాన్ని ఆపేసింది. ఇంకొకటి. మా ఆఫీసులో ఒకాయన, బ్లాకర్ వాడటమంటే రాసేవాడి నోటికాడి కూడు లాక్కోవడమే అంటాడు. నేను రోజూ చదివే తెలుగు వంటల సైట్లు, కథల సైట్లు ఉన్నాయి. వాళ్లకు నష్టం చేయడం నాకు ఇష్టం లేదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

సైలెంట్ మోడ్:

ఫోన్ వింటుంది మేడమ్, డౌటే లేదు. మేం ఇంట్లో ఇన్వర్టర్ కొందామా అని మాట్లాడుకున్నాం, పావుగంటలో ఇన్వర్టర్ యాడ్ వచ్చింది. అన్ని యాప్‌లకీ మైక్ పర్మిషన్ తీసేయండి, సరిపోతుంది.

వేయిస్తంభాలు:

మాది హనుమకొండ. మాదాపూర్‌లో అమెరికా కంపెనీల క్యాంపెయిన్లు నడిపే ఆఫీసులో చాలా ఏళ్లు నైట్ షిఫ్టు చేశాను. యాడ్ ఆపరేషన్స్ అంటారు. ప్రకటనను సర్వర్‌లో ఎక్కించడం, ఎవరికి కనిపించాలో పెట్టడం, ఎన్నిసార్లు కనిపించిందో, ఎంతమంది నొక్కారో లెక్క చూడటం మా పని. అందుకని కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు మైకు సంగతి. మన మాటలు చాటుగా విని ప్రకటనలు వేస్తున్నారనడానికి గట్టి రుజువు ఇంతవరకూ ఎవరూ చూపించలేదు. అమెరికాలో నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. మైకు ఆన్ చేసి మాటలు బయటికి పంపేది వాటిలో ఒక్కటీ కనిపించలేదు. కాకపోతే ఇంకొకటి బయటపడింది. కొన్ని యాప్‌లు మన స్క్రీన్ మీద జరిగేదాన్ని రికార్డు చేసి వేరే కంపెనీలకు పంపుతూ దొరికాయి. నన్నడిగితే మైకు కన్నా అది ఘోరం. రోజంతా వినాలంటే బ్యాటరీ అయిపోతుంది, డేటా అయిపోతుంది, ఎవరో ఒకరు పట్టేస్తారు. ఆ తిప్పలు వాళ్లకెందుకు? మనం టైపు చేసింది, ఆగి చూసింది, వేలు పెట్టి నొక్కింది వాళ్లకు చాలు.

సైలెంట్ మోడ్ గారూ, మీ ఇంట్లో ఇన్వర్టర్ మాట వచ్చిందంటే కరెంటు పోతోందన్నమాట. అలాంటప్పుడు ఇన్వర్టర్ కంపెనీ మీ ఊరు మొత్తానికీ ప్రకటన వేస్తుంది. లేదా మీ ఇంట్లోనే ఇంకెవరో ధర చూసి ఉంటారు. ఒకే వైఫై మీదున్న ఫోన్లన్నీ బయటికి ఒకే ఐపీ అడ్రసుతో, అంటే నెట్‌లో చిరునామా లాంటి ఒకే నంబరుతో కనిపిస్తాయి. మైక్ పర్మిషన్ తీసేయడం మంచిదే, తీసేయండి. ఇన్వర్టర్ యాడ్ మాత్రం ఆగదు.

ఇప్పుడు అసలు సంగతి. 1994లో హాట్‌వైర్డ్ అనే సైట్‌లో ఏటీ అండ్ టీ కంపెనీ మొదటి బ్యానర్ ప్రకటన వేసినప్పుడు ఆ పేజీ తెరిచిన వాళ్లందరికీ ఒకటే బొమ్మ కనిపించింది. అదే ఏడాది నెట్‌స్కేప్ అనే బ్రౌజరు కంపెనీలో పనిచేసే లూ మాంటుల్లీ కుకీ తయారు చేశాడు, సైటు మన బ్రౌజరులో దాచే చిన్న గుర్తు అది. వచ్చినవాడు ఇంతకుముందు వచ్చినవాడేనా అని సైటు గుర్తుపట్టడానికి. డబుల్‌క్లిక్ లాంటి ప్రకటనల కంపెనీలు ఆ కుకీనే వేలాది సైట్లలో పెట్టి, ఒకే మనిషి ఎక్కడెక్కడ తిరుగుతున్నాడో కలిపి చూడటం మొదలుపెట్టాయి. ఆ డబుల్‌క్లిక్‌ను కొనడానికి 2007లో గూగుల్ 310 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకుంది.

ఇప్పుడు మీరు ఒక పేజీ తెరిస్తే జరిగేది ఇది. పేజీలో ఖాళీగా ఉన్న ప్రకటన జాగా వేలానికి వెళ్తుంది. వేలంతో పాటు ఒక చీటీ వెళ్తుంది. మీరు చదువుతున్న పేజీ అడ్రసు, ఫోన్ మోడల్, ఐపీ, ఇంచుమించుగా ఎక్కడున్నారు, మీ ఫోన్‌కు ఇచ్చిన అడ్వర్టైజింగ్ ఐడీ లేదా కుకీ నంబరు. అవతల కంపెనీల కంప్యూటర్లు ఆ చీటీ చూసి ధర చెప్తాయి. ఎక్కువ చెప్పినవాడి ప్రకటన మీకు కనిపిస్తుంది. ఇదంతా సెకనులో పదో వంతులో అయిపోతుంది. గుంటూరు మిర్చి యార్డులో పాట ఓడినవాడు కూడా సరుకు గుప్పెట్లోకి తీసుకుని చూశాకే పోతాడు కదా, ఇక్కడా అంతే. గెలిచినవాడు ఒక్కడే, చీటీ చూసినవాళ్లు ఎందరో. ఐర్లండ్‌లోని పౌరహక్కుల సంస్థ ఒకటి 2022లో దీని మీద నివేదిక ఇచ్చింది. అమెరికాలో సగటు మనిషి వివరాలు రోజుకు 747 సార్లు, యూరప్‌లో 376 సార్లు ఇలా వేలానికి వెళ్తున్నాయని దాని అంచనా.

జనం బ్లాకర్లు పెట్టుకుంటున్నది బొమ్మ అడ్డొస్తోందనే అనుకుంటారు. మా ఆఫీసులో కూడా అలాగే అనుకునేవాళ్లు. బొమ్మను ఎవరైనా భరిస్తారు. పేపర్లో ప్రకటనలు చూడటం లేదా, బస్టాండు గోడ మీద చూడటం లేదా? ఆ చీటీ తిరగడం నాకు ఇష్టం లేదు. నా ఫోన్లో బ్లాకర్ ఉన్నది అందుకే.

మీ అమ్మగారి విషయంలో నాకు ఒక అనుమానం ఉంది. ఆమె ఫోన్‌లో ఉన్న జీమెయిల్ ఎవరిది?

గోస్తనీ గట్టు:

నాదే అక్కా. ఫోన్ కొన్నరోజు ఓటీపీల గోల పడలేక నా జీమెయిల్‌తోనే లాగిన్ చేసి ఇచ్చేశాను. తమ్ముడి ఫోన్‌లో కూడా కొన్నాళ్లు అదే ఉండేది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

మందుల షాపు, భీమవరం:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను ఫార్మసీ చదివి మందుల షాపు నడుపుతున్నాను. ప్రకటనల కన్నా ముందు ఆ డబ్బాల సంగతి చూడండి.

షుగర్ నయం చేస్తామని ప్రకటన వేయడమే మన దేశంలో నేరం. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో అలా చెప్పుకోకూడని జబ్బుల పట్టిక ఉంది, అందులో మధుమేహం ఉంది. మాకు సిలబస్‌లో ఉండే చట్టం ఇది. ఇలాంటి పొడుల్లో ఇంగ్లీషు మాత్రే నూరి కలిపిన సందర్భాలు బయటపడ్డాయి. పైన మాత్ర వేసుకుని, కింద ఈ పొడి కూడా తింటే షుగర్ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది. అమ్మగారికి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం ఏమైనా వచ్చాయేమో అడగండి. పొడి ఆపించి, డబ్బా పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి.

కాళ్ల మంటలకు షుగరే కారణం కానక్కర్లేదు కూడా. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొందరికి బీ12 విటమిన్ తగ్గుతుంది, దానివల్ల కూడా మంటలు, తిమ్మిర్లు వస్తాయి. రక్తపరీక్ష చేయించాలేమో డాక్టరును అడగండి. డబ్బుల గురించి 1915కు ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. బిల్లు, డబ్బా మీది చిరునామా ఫోటో తీసి పెట్టుకోండి.

వేయిస్తంభాలు:

భీమవరం గారు చెప్పింది ముందు చేయండి, ప్రకటనల గొడవ రేపు చూసుకోవచ్చు.

జీమెయిల్ విషయం నేను అనుకున్నదే. మన ఇళ్లలో కూతురో కొడుకో తన మెయిల్ పెట్టి ఫోన్ చేతికివ్వడం మామూలే. అప్పటినుంచి గూగుల్ దృష్టిలో మీరూ అమ్మగారూ ఒకే మనిషి. మీరు రాత్రి చూసిన డాక్టరు వీడియో ఆమె ఫోన్‌లోనూ చూసినట్టే లెక్క. మీకు పెళ్లి సంబంధాల ప్రకటనలు వస్తే ఆమెకూ వస్తాయి, ఆమె చూసే వ్రతాల వీడియోలు మీకూ వస్తాయి.

ఇందులో ఒక మెలిక ఉంది. "షుగర్ ఉన్నవాళ్లు" అని టిక్కు పెట్టి ప్రకటన వేయడానికి పెద్ద కంపెనీలు ఒప్పుకోవు. ఆరోగ్య సమస్యల ఆధారంగా మనుషులను ఎంచుకోవడం గూగుల్ నియమాల్లో కుదరదు. ఫేస్‌బుక్ కూడా 2022 జనవరిలో జబ్బులకు సంబంధించిన ఆసక్తుల పెట్టెలు తీసేసింది. పొడి అమ్మేవాడికి ఆ టిక్కుతో పనే లేదు. తెలుగు భాష, యాభై దాటిన వయసు, గోదావరి జిల్లాలు అని పెట్టి వీడియో వదులుతాడు. ఆ వయసులో షుగర్ ఉన్నవాళ్లు ఎలాగూ బోలెడుమంది. ఆ వీడియోను షుగర్ లేనివాడు మూడు సెకన్లలో దాటేస్తాడు, ఉన్నవాడు సగం దాకా చూస్తాడు. రెండో విడతలో "సగం దాకా చూసినవాళ్లకే మళ్లీ వెయ్యి" అంటాడు. మూడో విడతలో ఫారం నింపినవాళ్ల ఫోన్ నంబర్లు ఎక్కించి "వీళ్లలాంటి వాళ్లను ఇంకా వెతికిపెట్టు" అంటాడు. దీన్ని మేం లుక్‌అలైక్ అంటాం. రోగం పేరు ఎక్కడా రాయకుండానే రోగులంతా ఒక చోట పోగవుతారు. నియమం తప్పినట్టు కాగితం మీద ఏమీ ఉండదు. నేను చూసిన క్యాంపెయిన్లలో తెలివైనవన్నీ ఇలాంటివే. తెలివి అనడానికి కాస్త నోరు రావడం లేదు గానీ, అంతే.

ఇక చేయాల్సింది. అమ్మగారికి ఆమె పేరు మీదే కొత్త జీమెయిల్ తెరిచి ఫోన్‌లో అది పెట్టండి. పాతది తీసేసే ముందు కాంటాక్టులు, ఫోటోలు ఎక్కడ సేవ్ అయ్యాయో చూసుకోండి, లేకపోతే చుట్టాల నంబర్లన్నీ పోయి మీకు అక్షింతలు పడతాయి. కొత్త ఖాతాలో "మై యాడ్ సెంటర్" తెరిచి వ్యక్తిగత ప్రకటనలు ఆపేయండి. అందులోనే మద్యం, జూదం, బరువు తగ్గడం లాంటి కొన్ని రకాలను తగ్గించమని చెప్పే వీలుంది. షుగర్ మందులు అనే రకం మాత్రం ఆ పట్టికలో లేదు. సెట్టింగ్స్‌లో గూగుల్, ఆ లోపల యాడ్స్ అనే చోట అడ్వర్టైజింగ్ ఐడీని డిలీట్ చేయండి. కొంచెం కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లన్నింటిలో ఉంటుంది.

బ్లాకర్ల విషయానికొస్తే, అవి ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజరుకు తగిలించే చిన్న ప్రోగ్రాములు. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో వాటిని పెట్టలేం. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు పెట్టి అందులో యూబ్లాక్ ఆరిజిన్ అనే బ్లాకర్ వేయండి. కెనడాలో ఉండే రేమండ్ హిల్ 2014లో దాన్ని మొదలుపెట్టాడు, ఇప్పటికీ విరాళాలు కూడా తీసుకోడు. పేరు దగ్గర జాగ్రత్త. ఒట్టి "యూబ్లాక్" అని ఇంకొకటి ఉంది, మనకు కావాల్సింది "ఆరిజిన్". మిగతా యాప్‌లలో వచ్చే ప్రకటనలకు ప్రైవేట్ డీఎన్ఎస్ అని నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, ఆండ్రాయిడ్ 9 నుంచీ ఉంది. డీఎన్ఎస్ అంటే సర్వర్ పేరు చెబితే దాని నంబరు వెతికిచ్చే సేవ. అక్కడ ప్రకటనలను ఆపే ఆడ్‌గార్డ్ కంపెనీ డీఎన్ఎస్ చిరునామా రాస్తే ప్రకటనల సర్వర్ల పేర్లకు సమాధానమే రాదు, ప్రకటన రాదు. స్టేషన్లలో ఉచిత వైఫై లాగిన్ పేజీ ఒక్కోసారి తెరుచుకోదు, అప్పటికి ఆపుకుని మళ్లీ పెట్టుకోండి.

దీనితో యూట్యూబ్ యాప్‌లో ప్రకటనలు ఆగుతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. వీడియో వచ్చే సర్వర్ల నుంచే ప్రకటన కూడా వస్తుంది, పేరును బట్టి ఆపడం కుదరదు. ఫేస్‌బుక్ యాప్ కూడా అంతే. అమ్మగారు భక్తి పాటలు ఎక్కువగా వింటారు కాబట్టి డబ్బులు కట్టడం ఒక దారి. 2024 ఆగస్టులో ప్రకటనలు లేని యూట్యూబ్ ప్రీమియం నెలకు 129 నుంచి 149 రూపాయలు చేశారు. పొడి డబ్బా ధరతో పోల్చి చూసుకోండి.

తమ్ముడి ల్యాప్‌టాప్‌లో జరిగింది క్రోమ్ వాడే అందరికీ జరిగింది. ఎక్స్‌టెన్షన్ల నిబంధనలను గూగుల్ మార్చింది, మేనిఫెస్ట్ వీ3 అంటారు. పాత పద్ధతిలో బయటికి వెళ్లే ప్రతి అభ్యర్థననూ బ్లాకర్ తానే చూసి, పోనివ్వాలా వద్దా అని అప్పటికప్పుడు తేల్చేది. కొత్త పద్ధతిలో జాబితా రాసి బ్రౌజరు చేతికిచ్చి పక్కన కూర్చోవాలి. భద్రత కోసమే అని గూగుల్ వివరణ. కొంత నిజమే, పాత పద్ధతిలో దొంగ ఎక్స్‌టెన్షన్ ఏదైనా చదివేయగలదు. అయితే ప్రకటనల మీద బతికే కంపెనీ చేతిలోనే బ్రౌజరూ ఉండటం నాకు మింగుడుపడదు. 2024 జూన్‌లో పాతవాటిని ఆపడం మొదలుపెట్టి 2025లో పూర్తిచేశారు. క్రోమ్ వదలలేకపోతే యూబ్లాక్ ఆరిజిన్ లైట్ ఉంది, మామూలు సైట్లకు సరిపోతుంది. ఫైర్‌ఫాక్స్‌లో పాతదే నడుస్తుంది.

ఉచితమని కనిపించిన ప్రతిదీ పెట్టుకోకండి. యాంటీవైరస్ కంపెనీ అవాస్ట్ తన ఎక్స్‌టెన్షన్ల ద్వారా జనం ఏం చూస్తున్నారో పోగేసి అమ్మిందని అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2024లో కోటి 65 లక్షల డాలర్లు కట్టించింది. ట్రాకింగ్ నుంచి కాపాడతామని జనానికి చెప్పిన కంపెనీ అది. బాగా పేరున్న యాడ్‌బ్లాక్ ప్లస్ కూడా 2011 నుంచి "ఆమోదయోగ్యమైన ప్రకటనలు" అని కొన్నింటిని వదిలేస్తుంది, పెద్ద కంపెనీలు అందుకు దానికి డబ్బు కడతాయి. దాచిపెట్టి చేసేదేమీ కాదు, సెట్టింగ్స్‌లో ఆపుకోవచ్చు.

మిర్చియార్డు:

వేలం పాట పోలిక చూసి రాయకుండా ఉండలేకపోతున్నా. గుంటూరు దగ్గర మాది. మిరప, పత్తి తెగుళ్ల మీద తెలుగులో ఒక చిన్న సైటు నడుపుతున్నాను. ప్రకటనలే ఆదాయం. కూడు లాక్కోవడం మాట ఎవరో అన్నారు కాబట్టి ఆ కూడు ఎంతో చెప్తాను.

సైట్లలో ప్రకటనలు వేసి మాకు వాటా ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగు పేజీలకు వచ్చిందే 2018లో. అంతకుముందు ఇంగ్లీషులో నాలుగు వ్యాసాలు పెట్టి అనుమతి తెచ్చుకుని, తర్వాత తెలుగు రాసుకునేవాళ్లు. సరే, వచ్చింది. పల్నాడు రైతు చదివితే పైసల్లో వస్తుంది. అదే పేజీ న్యూజెర్సీలో ఉన్న ఆయన కొడుకు చదివితే ఎన్నో రెట్లు వస్తుంది, ఎందుకంటే వేలంలో అతని ధర ఎక్కువ. ఆ కొడుకు ల్యాప్‌టాప్‌లోనే బ్లాకర్ ఉంటుంది! రైతు ఫోన్‌లో ఏ బ్లాకరూ ఉండదు. అంటే సైటు ఖర్చంతా పైసలు వచ్చేవాడే మోస్తున్నాడు, ప్రకటనల చెత్తంతా వాడే చూస్తున్నాడు. బ్లాకర్ల మీద నాకున్న కోపం ఇది, నా జేబు సంగతి తర్వాత.

ఏం చెత్త అంటారా? రమ్మీ. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణలో 2017లో, మన దగ్గర 2020లో నిషేధించారు. అయినా నేను పెట్టుకున్న ప్రకటనల నెట్‌వర్క్ నుంచి తామర పురుగు వ్యాసం పక్కన రమ్మీ బొమ్మలు వచ్చేవి. ఒక అడ్రసు బ్లాక్ చేస్తే తెల్లారేసరికి ఇంకో అడ్రసుతో. అప్పుల్లో ఉన్న రైతు చదివే పేజీలో అది చూసి నాకే సిగ్గేసేది. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ, వాటి ప్రకటనలనూ నిషేధిస్తూ చట్టం చేసింది.

ఇప్పుడు వ్యాసం మధ్యలో నెట్‌వర్క్ ప్రకటనలు తీసేశాను. డ్రిప్ పైపుల డీలరు ఒకాయన, నర్సరీ ఒకటి నెలకు ఇంత అని నేరుగా ఇస్తున్నారు. వాళ్ల బొమ్మ నా సర్వర్‌లోనే ఉంటుంది, ఎవరి వెంటా పడదు. అయినా మొదట్లో బ్లాకర్లు దాన్నీ మాయం చేసేవి. ఏం చేయాలో వేయిస్తంభాలు గారు చెబితే మంచిది, ఇంకా కొందరికి కనిపించడం లేదట.

మాగాయ:

టార్గెటింగ్ అంటే అందరూ తిడుతున్నారు. నా మాట కూడా వినండి. నరసాపురంలో పచ్చళ్లు పెట్టి కొరియర్‌లో పంపుతాను. బెంగళూరులో ఉంటూ తెలుగు మాట్లాడేవాళ్లకు మాత్రమే కనిపించేలా, రోజుకు రెండు వందల రూపాయలు పెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటన వేస్తాను. పేపర్లో వేసే స్తోమత నాకు లేదు, వేసినా బెంగళూరు వాళ్లకు చేరదు. ఆవకాయ సీజన్‌లో వచ్చే ఆర్డర్లలో ఎక్కువ భాగం ఇలా వచ్చినవే. ఇది పూర్తిగా పోతే పెద్ద కంపెనీల పచ్చళ్లే మిగులుతాయి.

వేయిస్తంభాలు:

మాగాయ గారూ, మీరు ఊరు, భాష చూసుకుని వేస్తున్నారు. దానితో నాకు పేచీ లేదు. బెంగళూరు తెలుగువాళ్లకు పచ్చడి చూపించడానికి వాళ్ల మందుల చరిత్ర అక్కర్లేదు. మీ రెండు వందలకూ, పొడి అమ్మేవాడి లక్షలకూ వాళ్లు ఒకే యంత్రాన్ని అద్దెకిస్తున్నారు, నా బాధ అక్కడ.

మిర్చియార్డు గారూ, బొమ్మ ఉన్న ఫోల్డరు పేరు చూడండి. అందులో గానీ ఫైలు పేరులో గానీ "యాడ్స్", "బ్యానర్" అని ఉంటే ఈజీలిస్ట్ అనే జాబితా ప్రకారం బ్లాకర్లు ఆపేస్తాయి. 2005 నుంచి వాలంటీర్లు రాస్తున్న జాబితా అది, చాలా బ్లాకర్లకు ఆధారం అదే. మీ డీలరు పైపుల బొమ్మ అని దానికి తెలియదు, పేరు చూసి ఆపుతుంది. ఫోల్డరుకు "దుకాణం" అని పెట్టుకోండి. పేజీ కోడ్‌లో ఆ పెట్టెకు ఇచ్చిన పేరు కూడా మార్చండి. కింద "ఇది ప్రకటన" అని మాత్రం తెలుగులో స్పష్టంగా రాయండి, పాఠకుడిని మోసం చేసినట్టు ఉండకూడదు.

న్యూజెర్సీ కొడుకు గురించి మీరన్నది నిజం. బ్లాకర్ పెట్టుకోవడం తెలిసినవాడికి ఇంటర్నెట్ శుభ్రంగా ఉంది, తెలియని మా అమ్మకూ మీ రైతుకూ మిగిలింది వస్తోంది. అందుకే ఊరెళ్లినప్పుడల్లా చుట్టాల ఫోన్లు అడిగి తీసుకుని సెట్ చేస్తుంటాను. మా పెద్దమ్మ "ఫోన్ పాడుచేయకే" అని మొత్తుకుంటుంది.

కౌంటర్ మూడు:

బ్యాంకు ఉద్యోగిని. ఒక్క విషయం చెప్పి పోతాను. కస్టమర్ కేర్ నంబరు కోసం నెట్‌లో వెతికి, అన్నిటికన్నా పైన వచ్చిన నంబరుకు ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు మా కౌంటర్ దగ్గరికి వస్తూనే ఉంటారు. పైన వచ్చింది ప్రకటన అని వాళ్లకు తెలియదు. అక్కడ చిన్న అక్షరాలతో ఉన్న మాట ఎవరు చదువుతారు? 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్‌బీఐ ఇలాంటి మోసాల గురించే హెచ్చరిస్తూ, వెతికేటప్పుడు యాడ్ బ్లాకర్ వాడమని సలహా ఇచ్చింది. పోలీసులే వాడమంటున్నారని మీ ఆఫీసాయనకు చెప్పండి. బ్యాంకు నంబరు పాస్‌బుక్ మీదా, కార్డు వెనకా ఉంటుంది, అదే వాడండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

గోస్తనీ గట్టు:

అందరికీ ధన్యవాదాలు. పొడి ఆపించాం, డాక్టరు గారు బీ12 పరీక్ష రాశారు. అమ్మకు కొత్త జీమెయిల్ పెట్టాం, ఐడీ డిలీట్ చేశాం, ఫైర్‌ఫాక్స్ వేశాం. వంటల సైట్లకు బ్లాకర్ ఆపి పెట్టొచ్చని తమ్ముడు చూపించాడు, సైటుకొకటి చొప్పున మీట ఉంది. రెండింటికి ఆపాను. ఒకటి మరీ వీడియో మీద వీడియో వేస్తుంటే మళ్లీ పెట్టేశాను.

ఇంకొక సందేహం అక్కా. వీడియోల్లో తెల్లకోటాయన తగ్గాడు. ఫేస్‌బుక్‌లో మాత్రం ఇంకా వస్తున్నాడు. అమ్మ ఫేస్‌బుక్ ఆమె నంబరుతోనే ఉంది, నా మెయిల్‌తో సంబంధం లేదు. ఎందుకు పోవడం లేదు?

వేయిస్తంభాలు:

ఫారంలో నంబరు ఇచ్చారుగా, అందుకు. ఆ నంబరు వాళ్ల జాబితాలో ఉంది, జాబితాను ఫేస్‌బుక్‌లో ఎక్కించి ఉంటారు. అదే నంబరుతో ఖాతా ఉంది కాబట్టి నేరుగా కలిసిపోయింది. కుకీ, ఐడీ ఏవీ అక్కర్లేదు, ఏ బ్లాకరూ దీన్ని ఆపలేదు. బట్టల షాపులో బిల్లు కౌంటర్ దగ్గర నంబరు చెప్పాక ఆ షాపు చీరలే కనిపించడం కూడా ఇలాంటిదే.

ప్రకటన పక్కన మూడు చుక్కలు నొక్కి "ఈ ప్రకటన ఎందుకు కనిపిస్తోంది" అన్నది తెరవండి. జాబితా వల్ల అయితే ప్రకటనదారు జాబితా వాడినట్టు అక్కడ రాసి ఉంటుంది. అక్కడే ఆ ప్రకటనదారును దాచేయండి, తర్వాత తప్పుదారి పట్టించే ప్రకటన అని రిపోర్టు కొట్టండి. వాళ్లకు ఒక పేజీ కాదు, నాలుగైదు ఉంటాయి, కొత్త పేరుతో వచ్చిన ప్రతిసారీ చేయాలి. స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి, భీమవరం గారు చెప్పిన 1915 ఫిర్యాదుకు ప్రకటన సాక్ష్యంగా పనికొస్తుంది. ఆ ఫోన్లు చేసే అమ్మాయి మళ్లీ చేస్తే, నంబరు తీసేయమని అమ్మగారి చేత చెప్పించకండి, మీరే మాట్లాడండి.